క్రైస్తవ కాపురంలో భార్య

ఎఫెసీయులకు పౌలు రాసిన పత్రిక 5వ అధ్యాయం తెలుగు సంఘాల పెళ్లి ఆరాధనల్లో తరచుగా వినపడుతుంది. భార్య భర్తకు లోబడాలన్న 22వ వచనం వచ్చినవాళ్లందరికీ గుర్తుంటుంది. దానికి ముందున్న 21వ వచనాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. విశ్వాసులంతా ఒకరికొకరు లోబడాలని పౌలు అక్కడే చెప్పాడు. ఆ తర్వాత భార్యలకు చెప్పింది మూడు వచనాలైతే, భర్తలకు చెప్పింది అందుకు రెండింతలు మించే ఉంటుంది. సంఘం కోసం క్రీస్తు ప్రాణం పెట్టినట్టు భర్త భార్యను ప్రేమించాలన్నది దాని సారం. కాబట్టి లోబడటమంటే నోరు మూసుకుని పడి ఉండటం కాదు. అలాంటి ప్రేమను గుర్తించి భార్య మనస్ఫూర్తిగా ఇచ్చే గౌరవం అది.

మొదటి సమూయేలు 25వ అధ్యాయంలోని అబీగయీలు కథ కొత్తగా కాపురానికి వచ్చిన ప్రతి అమ్మాయీ చదవదగ్గది. ఆమె భర్త నాబాలు మొరటువాడు. దావీదు మనుషులను అవమానించి పంపితే, దావీదు నాలుగు వందల మందితో కత్తులు కట్టుకుని బయలుదేరాడు. అబీగయీలు భర్తకు చెప్పకుండానే రొట్టెలు, ద్రాక్షారసం, వండిన గొర్రెమాంసం గాడిదల మీద వేయించుకుని ఎదురువెళ్లి రక్తపాతం ఆపింది. తిరిగొచ్చేసరికి నాబాలు విందులో తాగి ఉన్నాడు. ఆ రాత్రి ఆమె ఏమీ మాట్లాడలేదు. తెల్లవారి మత్తు దిగాక జరిగినదంతా చెప్పింది. ఏదీ దాచలేదు, కాకపోతే వేళ చూసుకుంది. మన ఇళ్లలోనూ అంతే: భర్త డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విడవకముందే అత్తగారి సంగతి ఎత్తితే ఎంత న్యాయమైన మాటైనా గొడవకే దారితీస్తుంది. అదే మాట పిల్లలు పడుకున్నాక నెమ్మదిగా చెబితే చెవికెక్కే వీలుంది. అసలే చెప్పకుండా కడుపులో పెట్టుకున్నది చివరికి ఫోన్‌లో పుట్టింటికి చేరి, రెండు కుటుంబాల తగువవుతుంది.

భక్తిగల స్త్రీలు తెలియకుండానే పొరపాటు చేసే చోటు ప్రార్థనే. శ్రమల దినాల్లో నలభై రోజుల ఉపవాసం, శుక్రవారం ఉపవాస కూటం, రాత్రంతా జరిగే ప్రార్థనలు — అన్నీ మంచివే. అయినా ప్రార్థన కోసం భార్యాభర్తలు కొంతకాలం ఎడంగా ఉండాలన్నా ఇద్దరి సమ్మతీ కావాలని, తర్వాత మళ్లీ కలుసుకోవాలని మొదటి కొరింథీ 7వ అధ్యాయంలో పౌలు రాశాడు. భర్తకు మాటమాత్రమైనా చెప్పకుండా మొదలుపెట్టిన ఉపవాసం ఆ ఇంట్లో అలకలా కనిపిస్తుంది. కానుకల సంగతీ అంతే. బియ్యం డబ్బాలో దాచిన డబ్బు గుట్టుగా కూటంలో వేయడం కంటే, దశమభాగం ఎంతో ఇద్దరూ కూర్చుని తేల్చుకోవడం మేలు.

కుటుంబ ప్రార్థన పది నిమిషాలు చాలు. రాత్రి అన్నాలయ్యాక పిల్లల చేత ఒక పాట, ఒక అధ్యాయం, చిన్న ప్రార్థన. అక్కడ భర్త పక్కనే ఉండగా అతని కోపం తీసివేయమని గట్టిగా ప్రభువును వేడుకోవడం మాత్రం తగదు. అది పిల్లల ముందు పెట్టిన పంచాయితీ అవుతుంది. అతని కష్టానికి పైకి కృతజ్ఞత చెప్పి, ఫిర్యాదు ఏకాంత ప్రార్థనకు దాచుకోవడమే సరి.

మందిరానికి రాని భర్త ఉన్న ఇంట్లో మాటల కంటే నడతే ఎక్కువ పని చేస్తుందని పేతురు మొదటి పత్రిక 3వ అధ్యాయం చెబుతుంది. అతను కలిసి కాపురం చేయడానికి ఇష్టపడితే విడిచిపెట్టవద్దని పౌలూ అన్నాడు. ప్రతి ఆదివారం అతనితో వాదన పెట్టుకోనక్కర్లేదు.

ఇద్దరూ విశ్వాసులైతే అకుల, ప్రిస్కిల్లల ఆదర్శం ఉంది. యూదులను రోమా నుంచి వెళ్లిపొమ్మని క్లౌదియ చక్రవర్తి ఆజ్ఞాపించినప్పుడు కొరింథుకు చేరిన ఈ దంపతులు డేరాలు కుట్టి బతికారు, తమ ఇంట్లోనే సంఘాన్ని కూర్చుకున్నారు. వాక్యంలో దిట్ట అయిన అపొల్లోను ఇద్దరూ చేరదీసి దేవుని మార్గాన్ని మరింత వివరంగా బోధించారు. కొత్త నిబంధనలో వీళ్ల పేర్లు ఆరుసార్లు వస్తాయి, ఆరుసార్లూ కలిసే. సండే స్కూలు కావచ్చు, జబ్బుపడినవాళ్ల పరామర్శ కావచ్చు, ఇద్దరూ కలిసి చేసే పని ఒకటుంటే మాట్లాడుకోవడానికి ఇంటి ఖర్చులు కాక మరొకటి ఉంటుంది.

ఇక దెబ్బల విషయం. భర్త చేత తన్నులు తినడం సిలువ మోయడం కాదు. పరిత్యాగం దేవునికి అసహ్యమని చూపడానికి మలాకీ 2:16 ఎత్తేవాళ్లు, అదే వచనం బలాత్కారాన్నీ ఖండిస్తుందని కూడా చదవాలి. వరకట్న వేధింపులకూ ఓర్పు మందు కాదు. 2005 నాటి గృహహింస చట్టం క్రైస్తవ స్త్రీలకూ వర్తిస్తుంది. భర్త ఇంట్లో ఉండే హక్కు, రక్షణ ఉత్తర్వులు, భరణం దాని కింద అడగవచ్చు. సంగతి మొదట పాస్టరమ్మగారితోనో, స్త్రీల సమాజంలో నమ్మకస్తురాలైన పెద్దావిడతోనో చెప్పుకోవచ్చు. వాళ్లు సర్దుకుపొమ్మని పంపేస్తే అక్కడితో ఆగనక్కర్లేదు, మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయవచ్చు. ప్రాణానికి ముప్పుంటే ఎవరి అనుమతి కోసమూ చూడకుండా పిల్లలతో సహా ఇల్లు వదిలి క్షేమమైన చోటికి చేరడమే ముందు పని.