ఎండ సంగతి గాజుకు వదిలెయ్



నువ్వు పంపిన డ్రోన్ వీడియోలన్నీ చూశాను. ఎగరేయడం నీకు వచ్చేసింది. మన షోలాపూర్ సాఖర్ పేట ఇళ్ల మీదుగా నెమ్మదిగా తెచ్చి, మగ్గాల షెడ్డు ముందు ఆరేసిన రంగు నూలు చిలపల దగ్గర దించిన తీరు నాకు నచ్చింది. "సినిమాలోలాగా ఎందుకు రావట్లేదు మామా, ఇంకా ఖరీదైనది కొనాలా?" అని అడిగావు. అక్కర్లేదు. వీడియోతోపాటు వచ్చిన, కెమెరా సెట్టింగులు రాసి ఉన్న సబ్‌టైటిల్ ఫైలు తెరిచి చూస్తే విషయం తెలిసిపోయింది. మిట్టమధ్యాహ్నం ఎండలో షట్టరు 1/2500 దగ్గరుంది. అంతా ఆటోలో పెట్టి వదిలేశావు.

సెకనుకు 25 ఫ్రేములు తీస్తున్నావు కదా, అంటే ఒక్కో ఫ్రేముకు 40 మిల్లీసెకన్ల సమయం. అందులో నీ కెమెరా కన్ను తెరిచి ఉన్నది 0.4 మిల్లీసెకను. మిగతా కాలమంతా ఏం జరిగిందో దానికి తెలియదు. అందుకే చిలపలు గాలికి ఊగడం లేదు, ఒక చోటి నుంచి ఇంకో చోటికి గెంతుతున్నాయి. సైకిల్ మీద పోయే మనిషీ అంతే.

మన మరమగ్గం దగ్గర నిలబడి నాడెను చూడు. అది అటూ ఇటూ పోయేటప్పుడు సెకనుకు సుమారు పది మీటర్ల వేగంతో పోతుంది. 1/2500తో తీస్తే, షట్టరు తెరిచి ఉన్నంతసేపట్లో అది కదిలేది 4 మిల్లీమీటర్లు. పడుగు మధ్యలో ఎవరో పెట్టి మరిచిపోయినట్టు కనిపిస్తుంది. అదే 1/50తో తీస్తే 20 సెంటీమీటర్లు కదులుతుంది, ఒక చారలా సాగుతుంది. మగ్గం ముందు నిలబడ్డ మనిషి కంటికి కనిపించేది ఆ చారే. ఫ్రేముల సంఖ్యకు రెట్టింపు షట్టరు అని సినిమావాళ్లు పెట్టుకున్న లెక్క ఇదే. మన షోలాపూర్ డాక్టర్ కోట్నీస్ మీద శాంతారాం 1946లో సినిమా తీసిన కాలంలో, కెమెరా లోపల తిరిగే బిళ్ల ఒకటి ఉండేది. ఒక్కో ఫ్రేము కాలంలో సుమారు సగంసేపు వెలుగును లోపలికి వదిలి, మిగతా సగం మూసేది. మన కళ్లు ఆ కదలికకే అలవాటుపడ్డాయి.

మరి ఆటో 1/2500కు ఎందుకు పోయింది? నీ డ్రోన్ లెన్సు ద్వారం ఎఫ్ 2.8 దగ్గర స్థిరంగా ఉంటుంది, తగ్గించే వీలు లేదు. ఐఎస్ఓ, అంటే వెలుగుకు సెన్సరు స్పందించే తీరు, 100 కంటే దిగదు. ఇక దానికి మిగిలింది షట్టరే. మంచి ఎండలో ఎఫ్ 16 పెడితే 1/100 సరిపోతుందని పాత ఫోటోగ్రాఫర్ల లెక్క. ఎఫ్ 2.8కి వస్తే వెలుగు 32 రెట్లు, అంటే 1/3200. దాన్ని 1/50కి దింపాలంటే 64 రెట్ల వెలుగు ఆపాలి. ఆ పని చేసేదే ఎన్‌డీ 64 ఫిల్టరు. డ్రోన్‌కు నల్ల కళ్లద్దాలు పెట్టడమే అనుకో. మబ్బుంటే ఎన్‌డీ 16 చాలు. ఎఫ్ 1.7 లెన్సున్న నీ స్నేహితుడు నీ ఫిల్టరు అడిగితే, అతనికి ఇంకా నల్లటిది కావాలని చెప్పు.

ఫిల్టరు నీ మోడల్‌కు చేసిందే కొను. బరువు తేడా వస్తే కెమెరాను నిలకడగా పట్టే గింబల్ మొరాయిస్తుంది. స్విచ్ వేయకముందే తొడుగు. చవక గాజు రంగు మారుస్తుంది, గులాబీ ఛాయో పచ్చ ఛాయో వస్తుంది. దుప్పట్ల వ్యాపారి కోసం తీస్తున్నావు, ఎరుపు ఎరుపుగానే కనిపించాలి. పరీక్షకు మన ఊళ్లో తెల్ల టవల్‌కు కొదవా? ఎండలో ఒకటి పరిచి, వైట్ బ్యాలెన్స్ ఒకేచోట బిగించి, ఫిల్టరుతో ఒకసారి, లేకుండా ఒకసారి తియ్యి. తేడా ఉంటే అక్కడే తెలుస్తుంది.

ఈ లెక్కను వేదంలా పట్టుకోకు. వంద మీటర్ల ఎత్తు నుంచి ఊరంతా చూపేటప్పుడు 1/50 అయినా 1/400 అయినా తేడా కనిపించదు. నేలకు దగ్గరగా, కప్పుల పక్క నుంచి పోయేటప్పుడే ఇది ప్రాణం. సూర్యుడికి ఎదురుగా తీస్తే రెక్కల నీడలు తెర మీద గీతలుగా కొట్టుకుంటాయి, షట్టరు నెమ్మదిస్తే అవి చాలావరకు తగ్గుతాయి. చీకటి పడ్డాక ఫిల్టరు తీసెయ్, 1/50 మాత్రం వదలకు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ షట్టరుతో వీధి దీపాలు మినుకుమనకుండా వస్తాయి.

షెడ్డు లోపల మాత్రం ఎగరేయకు. రెక్కల గాలికి దూది పీచంతా లేస్తుంది, మోటార్లలోకి పోతుంది, తెగిన పడుగుకు మాట పడేది నువ్వు. నాడెను చేతి కెమెరాతో తియ్యి.

నారళీ పున్నమికి మార్కండేయ రథోత్సవం తీస్తానన్నావు. శ్రావణ మాసం, మబ్బు వస్తూ పోతూ ఉంటుంది. ఎన్‌డీ 16 పెట్టుకో. మబ్బు ముసిరితే ఐఎస్ఓ 200కో 400కో పెంచు, ఎండ కాస్తే బ్యాటరీ మార్చేటప్పుడు నల్లటిది తొడుగు. షట్టరు జోలికి పోకు. జనం నెత్తిన మాత్రం ఎగరేయొద్దు, పక్క నుంచి తియ్యి. హోట్గీ రోడ్డు విమానాశ్రయం నుంచి 2025లో మళ్లీ విమానాలు మొదలయ్యాయి, అది మనకు దూరం కాదు. 2021 డ్రోన్ నియమాల మ్యాపులో మన పేట ఏ రంగులో ఉందో ముందు చూసుకో. ఎరుపో పసుపో అయితే అనుమతి లేకుండా పైకి లేపకు. ఊరేగింపు సంగతి పోలీసు స్టేషన్‌లో ముందే అడుగు.

కొత్త డ్రోన్ కోసం దాచిన డబ్బు దాచుకో. ప్రస్తుతానికి ఎన్‌డీ 16, 64 రెండే కొను. ఆ చిలపల్నే మళ్లీ అదే ఎండలో, 1/50తో తీసి నాకు పంపు.

మీ మామయ్య