తాళ్లపాక అన్నమాచార్యులు: పోటీ పరీక్షల ప్రత్యేకం

జర్మనీ చర్చి సంగీతానికి బాఖ్ (1685–1750) ఎంతటివాడో తిరుమల కోవెల సంగీతానికి అన్నమయ్య (1408–1503) అంతటివాడు, పైగా దాదాపు మూడు శతాబ్దాలు ముందువాడు. పుట్టింది రాజంపేట దగ్గరి తాళ్లపాకలో. బిరుదు పదకవితా పితామహుడు, ముద్ర వేంకటేశ. రాసినవి 32 వేల సంకీర్తనలంటారు; దక్కినవి సుమారు 12 వేలు.

ఆ మాత్రమైనా దక్కడం కొడుకు పెద తిరుమలాచార్యుల చలవే. రాగం పేరుతో సహా రాగిరేకుల మీద చెక్కించాడు. హుండీకి ఎదురుగా ఉన్న చిన్న రాతి గది, సంకీర్తన భాండాగారం, వాటి చోటు. తర్వాత శతాబ్దాలపాటు పట్టించుకున్నవారే లేరు. 1922లో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి దృష్టిలో పడ్డాయి. పరిష్కరణలో వేటూరి ప్రభాకరశాస్త్రి, స్వరకల్పనలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ పేర్లు తప్పక గుర్తుండాలి. తితిదే అన్నమాచార్య ప్రాజెక్టు 1978లో మొదలైంది.

అభ్యర్థులు తడబడేది మనవళ్ల దగ్గర. తాత చరిత్రను ద్విపదలో రాసింది చిన్నన్న. తాత సంస్కృతంలో రాసిన సంకీర్తన లక్షణాన్ని తెనిగించింది చిన తిరుమలాచార్యులు. ‘సుభద్రా కల్యాణం’ రాసిన తిమ్మక్క అన్నమయ్య భార్య; తొలి తెలుగు కవయిత్రిగా ప్రసిద్ధురాలు.