తేదీలు ముందు, తీర్పు తర్వాత



పార్టీ మారిన మనిషిని అవకాశవాది అని రాయొచ్చా అని అడిగినవు. రాయొచ్చు, కాదనను. కానీ ఏ రోజు మారాడో, ఆ రోజు చేతిలో ఏముందో చూడకుండా రాస్తే మాత్రం ఊరుకోను. నువ్వు రాసి పంపిన జీవితకథ పేజీల్లో చేవెళ్ల నాయకుడు పటోళ్ల ఇంద్రారెడ్డి గారి పదవులన్నీ వరుసగా ఉన్నయి. ఏ ఏడాది రాష్ట్రంలో గాలి ఎటు వీచిందో ఒక్క ముక్క లేదు. తేదీలు ముందు, తీర్పు తర్వాత అని నేను చెప్పిన మొదటి పాఠమే మరిచినవన్నమాట.

ఒక కాగితం తీసుకొని నడుమ నిలువు గీత గియ్యి. ఎడమ పక్క చేవెళ్ల, కుడి పక్క రాష్ట్రం. 1985లో రెండు పక్కలా తెలుగుదేశమే. 1989లో రాష్ట్రంలో కాంగ్రెస్ గెలిచింది. తెలుగుదేశం అధినేత ఎన్టీఆర్ అంతటి మనిషి కల్వకుర్తిలో ఓడారు. ముఖ్యమంత్రి అయిన చెన్నారెడ్డి గారు అప్పటి మన రంగారెడ్డి జిల్లా మనిషే. అయినా చేవెళ్ల తెలుగుదేశం అభ్యర్థి ఇంద్రారెడ్డినే గెలిపించింది. 1994లో మళ్లీ రెండు పక్కలా తెలుగుదేశమే. 1999లో రాష్ట్రం తెలుగుదేశానిది, చేవెళ్ల మాత్రం కాంగ్రెస్ గుర్తు మీద నిలబడ్డ అదే ఇంద్రారెడ్డిది. గాలికి ఎదురు రెండుసార్లు, రెండు వేర్వేరు గుర్తుల మీద! కౌకుంట్లలో పుట్టిన మనిషిని ఇక్కడివాళ్లు గుర్తు చూసి కాదు, మనిషిని చూసి గెలిపించారని ఈ కాగితమే చెప్తది.

ఇక 1995 ఆగస్టు. దాన్ని నువ్వు ఒక్క వాక్యంలో దాటేసినవు. అప్పుడాయన ఎన్టీఆర్ ప్రభుత్వంలో హోంమంత్రి. తెలుగుదేశం ఎమ్మెల్యేల్లో ఎక్కువమంది ఎన్టీఆర్‌ను కాదని చంద్రబాబు నాయుడు గారి వైపు వెళ్లిపోతుంటే, ఈయన ఎన్టీఆర్ దగ్గరే ఉండిపోయారు. సెప్టెంబరు 1న ప్రభుత్వం మారింది, పదవి పోయింది. 1996 జనవరి 18న ఎన్టీఆరూ పోయారు. కాంగ్రెస్‌లోకి రావడం ఆ తర్వాతి మాట. అధికారంలో ఉన్న పక్షాన్ని కాదనుకొని ఓడిన పక్షాన నిలబడ్డ ఆ నెలలను వదిలేసి, ఆ తర్వాతి మార్పును మాత్రమే చూపిస్తే అన్యాయం బిడ్డా.

ఇదే కొలత ఆయన భార్య సబితమ్మకూ పెట్టు. 2000 ఏప్రిల్‌లో రోడ్డు ప్రమాదంలో ఇంద్రారెడ్డి గారు పోయాక జరిగిన ఉప ఎన్నికలో ఆమె గెలుపును సానుభూతి అన్నవు, సరే. 2004లో మళ్లీ గెలవడాన్ని ఏమంటవు? 2009కి నియోజకవర్గాల పునర్విభజనలో చేవెళ్ల ఎస్సీ రిజర్వుడు అయింది. ఆమె మహేశ్వరం వెళ్లి గెలిచి, ఒకప్పుడు భర్త చూసిన హోంశాఖకే మంత్రి అయ్యారు. 2018లో కాంగ్రెస్ తరఫున గెలిచి, 2019లో తెరాసలో చేరి, అదే ఏడాది విద్యాశాఖ మంత్రి అయ్యారు. ఆ తేదీలూ పక్కపక్కనే పెట్టు. మనకు నచ్చినవాళ్లవి దాచొద్దు, నచ్చనివాళ్లవి పెంచొద్దు.

పదవుల జాబితాకు బయట కూడా చూడు. చేవెళ్ల నియోజకవర్గంలోని మొయినాబాద్ రైతును ఏ ఎన్నికలోనైనా అడుగు, 111 జీవో మాటే ఎత్తుతాడు. హైదరాబాద్ జంట జలాశయాల నీళ్లు పాడుకావొద్దని 1996 మార్చిలో 84 ఊళ్లలో కట్టడాలకు పెట్టిన ఆంక్షలవి. పట్నం తాగే నీళ్లకు కాపలా, రైతు భూమి ధరకు కళ్లెం. రెండూ నిజమే. చేవెళ్లకేమో నీళ్ల బాధ. 2003 ఏప్రిల్ 9న కాంగ్రెస్ నాయకుడు రాజశేఖర రెడ్డి గారి పాదయాత్ర ఇక్కడే మొదలైంది. తర్వాత ప్రాణహిత నది నీళ్లు తెచ్చే పథకానికి చేవెళ్ల పేరు పెట్టారు. పథకం రూపు మారి కాళేశ్వరం అయింది, ఆ నీళ్లు మాత్రం మన చెరువుల్లోకి రాలేదు. పల్లె నాయకుడి జీవితం రాసేటప్పుడు ఈ భూమి, ఈ నీళ్లు రాయకపోతే సగం రాసినట్టే.

కాబట్టి అవకాశవాది అన్న మాట ఇప్పుడే కొట్టెయ్యకు, ఉంచనూ ఉంచకు. ముందు కౌకుంట్ల పోయి రా, మొయినాబాద్‌లో నలుగురు రైతులతో మాట్లాడు. ఆయనకు ఓటేసినవాళ్లనూ, వెయ్యనివాళ్లనూ అడుగు. అప్పుడు తీర్పు నువ్వే రాయి. నాకు నచ్చకపోయినా సరే, తేదీలు సరిగ్గా ఉంటే ఒప్పుకుంటా.