ఆఫ్‌షోర్ అంటే ఎవరి ఒడ్డు?

బాలాపూర్

చెల్లెకు,

ఫోన్‌లో ఉద్యోగం గురించి అడిగితే "ఏముందక్కా, మేం ఉట్టి ఆఫ్‌షోరే" అన్నావు. ఆ "ఉట్టి" నా మనసుకు పట్టలేదు. అందుకే రాస్తున్నా.

షోర్ అంటే ఒడ్డు. ఒడ్డు దాటి నీళ్లలో ఉన్నది ఆఫ్‌షోర్. కాకినాడ దగ్గర కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్‌లో 2002లో బయటపడింది ఆఫ్‌షోర్ గ్యాసే. 2009లో అది సముద్రం అడుగున వేసిన పైపుల్లో గాడిమొగ ఒడ్డుకు రావడం మొదలైంది. గాలి విషయంలో మాత్రం ఈ మాట చోటును కాదు, దిక్కును చెబుతుంది. నేల మీది నుంచి సముద్రం వైపు వీచేదే ఆఫ్‌షోర్ గాలి. చాలామంది దీన్ని తిరగేసి చెబుతారు, నువ్వు తడబడకు.

తర్వాత డబ్బువాళ్లు ఈ మాటను ఎత్తుకుపోయారు. సొంత దేశం పన్నుకు అందకుండా బయట దాచుకున్న ఖాతాలకూ ఇదే పేరు. 2016లో అట్లాంటి ఖాతాల గుట్టు విప్పిన పనామా పత్రాలు బయటికొచ్చినప్పుడు పేపర్లనిండా ఇదే మాట. అసలు సముద్రమే లేని స్విట్జర్లాండ్ బ్యాంకులకూ ఇది అంటుకుంది. అట్లాంటప్పుడు మన హైదరాబాద్‌కు అంటుకోవడంలో వింతేముంది?

నీ ఆఫీసులో వినబడేది క్లయింట్ ఒడ్డు నుంచి చూసి అన్న మాట. న్యూయార్క్‌లో కూర్చున్నవాళ్లకు మనం ఆవలి ఒడ్డు. పని ఎక్కడ జరుగుతుందో చెప్పడానికే ఆ మాట పుట్టింది. ఎవరి బుర్ర పెద్దదో అది చెప్పదు. ఒక ప్రాజెక్టులో నేను రాసిన డిజైన్‌కు "ఆఫ్‌షోర్ ఇన్‌పుట్" అని పేరు పెట్టి పంపారు. ఆ రోజు నుంచి నా మెయిళ్లలో "హైదరాబాద్ టీమ్" అనే రాస్తున్నా, కింద చేసినవాళ్ల పేర్లతో సహా. నువ్వూ అట్లనే రాయి. "ఆఫ్‌షోర్‌ను అడగండి" అని ఎవరైనా అంటే, ఎవరిని అడగాలో పేరు పెట్టి చెప్పు.

ఇంకొకటి. ఆఫీసులో దీనికి ఎదురుమాట ఆన్‌సైట్. ఇంగ్లిష్ పరీక్షలో మాత్రం ఆన్‌షోర్ అని రాయాలి.

కాల్స్ వేళల సంగతీ చూసుకో. నవంబరులో న్యూయార్క్ గడియారం గంట వెనక్కి పోతుంది. వాళ్ల పొద్దున తొమ్మిది గంటల కాల్ మనకు సాయంత్రం ఆరున్నర నుంచి ఏడున్నరకు జరుగుతుంది. నీ హాస్టల్‌లో అన్నం వేళ అదే కదా. వారంలో రెండు కాల్స్ అయినా మన పొద్దుటికి, వాళ్ల రాత్రికి మార్చమని మీ మేనేజర్‌ను ఇప్పుడే అడుగు.

ప్రేమతో,
అక్క