పాట మంచిదే, మాత్ర మానొద్దు

అత్తా కోడలూ ఊళ్ళోని ఆరోగ్య ఉపకేంద్రానికి వెళ్ళారు. నర్సమ్మ అత్త చేతికి పట్టీ చుట్టి బి.పి. చూసింది. 160/100 ఉంది.

"పెద్దమ్మా, మాత్రలు వేసుకుంటున్నావా?" అని అడిగింది.

అత్త తల వంచుకుంది. కోడలు చెప్పింది.

"నెల నుంచి మానేసింది నర్సమ్మా. రాత్రిపూట రేడియోలో పాటలు వింటోంది. నిద్ర బాగా పడుతోందట. ఇంక మాత్రలెందుకు అంటోంది."

నర్సమ్మ కోప్పడలేదు. పక్కన కూర్చుని ఇలా చెప్పింది.

"పాటలు వినడం మంచిదే. మన గుండె రక్తాన్ని నెడుతుంది. ఆ రక్తం నాళాల గోడల మీద ఒత్తుతుంది. ఆ ఒత్తిడే రక్తపోటు. దాన్నే బి.పి. అంటాం. అది 140/90 గానీ అంతకన్నా ఎక్కువ గానీ మళ్ళీ మళ్ళీ వస్తే జబ్బు ఉన్నట్టే.

అప్పుల దిగులు, ఇంట్లో గొడవలు ఉంటే గుండె వేగంగా కొట్టుకుంటుంది. నాళాలు బిగుస్తాయి. పోటు పెరుగుతుంది. మెల్లగా సాగే పాట వింటే ఊపిరి నిదానిస్తుంది. గుండె దడ తగ్గుతుంది. పోటు కొంచెం దిగుతుంది.

జోలపాట సంగతి నీకు తెలుసు కదా! సాగదీసి పాడితే ఊపిరి మెల్లగా వదులుతాం. బిడ్డ నిద్రపోతుంది. పాడే తల్లికీ నెమ్మదిగా ఉంటుంది.

కానీ పాటతో తగ్గేది కొంచెమే. పోటు ఎక్కువున్నా చాలామందికి ఏ బాధా తెలియదు. నిద్ర పట్టింది కదా అని జబ్బు పోయినట్టు కాదు. మాత్రలు మానితే పక్షవాతం రావచ్చు. గుండె, మూత్రపిండాలు చెడిపోవచ్చు."

అత్త భయపడింది. "మరి పాటలు మానెయ్యనా?" అంది.

"ఎందుకు మానడం? రోజూ 20, 30 నిమిషాలు విను. సౌండు తగ్గించి పెట్టుకో. పని పక్కన పెట్టి, కళ్ళు మూసుకుని విను. నీకు నచ్చిన పాటే విను. ఉప్పు రోజు మొత్తానికి ఒక చిన్న చెంచా దాటొద్దు. పచ్చళ్ళు, అప్పడాలు తగ్గించు. రేపే డాక్టరుగారికి చూపించుకో."

అత్త డాక్టరు దగ్గరికి వెళ్ళింది. మళ్ళీ మాత్రలు మొదలుపెట్టింది. నెల తర్వాత బి.పి. 136/84కి దిగింది.

ఇప్పుడు మాత్రల డబ్బా రేడియో పక్కనే ఉంటోంది. ముందు మాత్ర. తర్వాతే పాట.

చెప్పండి:
1. అత్త మాత్రలు ఎందుకు మానేసింది?
2. పాట వింటే ఒంట్లో ఏం జరుగుతుంది?
3. మీ ఇంట్లో ఎవరెవరు బి.పి. చూపించుకున్నారు? ఎంత ఉందో రాయండి.