దరియా దౌలత్ గోడమీది యుద్ధం

చరిత్ర పాఠ్యగ్రంథాలలో యుద్ధచిత్రాలు తరచుగా కనిపిస్తాయి. వాటిని చూసిన విద్యార్థి ఆ యుద్ధం అచ్చంగా అలాగే జరిగిందని భావించడం సహజం. అయితే అట్టి చిత్రాలలో అధికభాగం యుద్ధం ముగిసిన తరువాత ఎవరో ఒకరు వేయించినవే. వేయించినవారి అవసరం ఏమిటో తెలిస్తేనే చిత్రం అర్థమవుతుంది. శ్రీరంగపట్నంలో కావేరీతీరాన ఉన్న దరియా దౌలత్ బాగ్ భవనపు గోడ ఇందుకు చక్కని ఉదాహరణ.

1780లో హైదర్ అలీ కర్ణాటిక్ ప్రాంతంపై దండెత్తినప్పుడు కర్నల్ విలియం బెయిలీ నాయకత్వాన ఉన్న ఈస్టిండియా కంపెనీ దళం గుంటూరు సర్కారులో ఉన్నది. మద్రాసు సైన్యంతో కలుసుకోవడానికి అది దక్షిణాదికి బయలుదేరింది. సెప్టెంబరు 10న కాంచీపురం సమీపంలోని పొల్లిలూరు వద్ద హైదర్, అతని కుమారుడు టిప్పు ఆ దళాన్ని చుట్టుముట్టి నాశనం చేశారు. సర్ హెక్టర్ మన్రో ప్రధానసైన్యం కొద్ది మైళ్ల దూరంలోనే ఉండికూడా ఆదుకోలేకపోయింది. భారతదేశంలో కంపెనీ అంతవరకు ఎరుగని పరాజయం అది. బెయిలీ బందీ అయి, 1782లో శ్రీరంగపట్నంలోనే మరణించాడు.

టిప్పు 1784లో దరియా దౌలత్ నిర్మించి, దాని పడమటి గోడమీద ఈ విజయాన్ని చిత్రింపజేశాడు. మైసూరు సైనికులు నలువైపులనుండి కమ్ముకొని వస్తూ ఉంటారు. నడుమ ఎర్రకోట్ల కంపెనీ దళం చతురస్రంగా ఇరుక్కొని ఉంటుంది. మందుగుండు బండి ఒకటి పేలిపోతూ ఉంటుంది. బెయిలీ పల్లకిలో కూర్చుండి వేలు కొరుక్కుంటూ ఉంటాడు. టిప్పు మాత్రం తోటలో విహరించే వానివలె గులాబీని వాసన చూస్తూ ఉంటాడు! రణరంగంలో పూలు వాసన చూసే తీరిక ఎవరికుంటుంది? చిత్రకారుడికి అది తెలియక కాదు. ఒకవైపు కలవరం, మరొకవైపు నిశ్చింత: ఆ వైరుధ్యాన్ని చూపడమే అతని పని.

అప్పటికి హైదర్ మరణించి రెండేళ్లయినా పూర్తి కాలేదు. మైసూరు సింహాసనం నామమాత్రంగా ఒడయార్ వంశానిది; హైదర్ స్వశక్తితో పైకి వచ్చిన సేనాని. వంశప్రతిష్ఠ లేని ప్రభువుకు విజయమే వంశావళి. తండ్రీకొడుకులు ఇద్దరినీ ఒకే యుద్ధంలో చూపిన ఈ గోడ, కుమారుని వారసత్వాన్ని కూడా చాటుతున్నదని భావించవచ్చు. ఇక బెయిలీ దళంలో అధికసంఖ్యాకులు భారతీయ సిపాయిలే అనే విషయాన్ని ఈ చిత్రం ముఖ్యంగా ఎంచదు. దండయాత్రలో పాడైపోయిన ఆర్కాటు పల్లెలకు ఇందులో చోటే లేదు.

విచిత్రమైన సంగతి ఇంకొకటి ఉంది. 1799 మే 4న కోట పతనమై టిప్పు మరణించేనాటికే ఈ గోడకు సున్నం కొట్టారని చెబుతారు. ఆ తరువాత దరియా దౌలత్‌లో నివసించిన కర్నల్ ఆర్థర్ వెల్లస్లీ బొమ్మలను తిరిగి వేయించాడు. అవి మళ్లీ మాసిపోగా 1850 దశకంలో గవర్నర్ జనరల్ డల్హౌసీ మరల వ్రాయించాడు. తమవారి ఓటమిని విజేతలే రెండుసార్లు బాగుచేయించడం ఎందుకు? కుతూహలం కొంత కావచ్చు. శత్రువు ఎంత ప్రబలుడో చూపితే గెలిచినవారి ప్రతాపం అంత పెరుగుతుందన్న లెక్క కూడా ఉండవచ్చునని నా ఊహ. ఏమైనా, నేడు మనం చూసేది టిప్పు చిత్రకారుల చేతిపని యథాతథంగా కాదు. మూలగ్రంథం చేజారిపోయి, అనువాదానికి అనువాదం మిగిలినప్పుడు ఎంత జాగ్రత్తగా చదవాలో, ఈ గోడనూ అంత జాగ్రత్తగానే చదవాలి. ఇదే యుద్ధాన్ని కాగితాలమీద చిత్రించిన ఒక ప్రతి 2022లో లండన్ వేలంలో 6,30,000 పౌండ్లకు అమ్ముడుపోయింది.

ఇంగ్లండులో ఈ కథ తలక్రిందులయింది. 1800లో రాబర్ట్ కెర్ పోర్టర్ శ్రీరంగపట్నం ముట్టడిని సుమారు 120 అడుగుల పొడవున చిత్రించి లండన్‌లో ప్రదర్శించాడు. అప్పటికి అతడు భారతదేశాన్ని చూసి ఎరుగడు. జనం రుసుము చెల్లించి వచ్చి, తాము కళ్లారా చూడని యుద్ధాన్ని చూసి వెళ్లారు.

డేవిడ్ బెయిర్డ్ కథ మరీ గమనింపదగినది. పొల్లిలూరులో పట్టుబడి, 1784 వరకు శ్రీరంగపట్నం చెరలో మగ్గిన సైనికాధికారి అతడు. 1799లో కోటపై జరిగిన తుది దాడికి నాయకుడూ అతడే. కాని కోటపై అధికారం గవర్నర్ జనరల్ తమ్ముడైన ఆర్థర్ వెల్లస్లీకి దక్కింది. దీనిని బెయిర్డ్ తీవ్రమైన అవమానంగా భావించాడు. నలభై ఏళ్ల తరువాత, అతని భార్య కోరికపై డేవిడ్ విల్కీ ఒక పెద్ద చిత్రం వేశాడు. రాత్రివేళ, దీపపు వెలుగులో, బెయిర్డ్ టిప్పు మృతదేహాన్ని కనుగొంటాడు. అతని పాదాల క్రింద నేలలో ఇనుప ఊచల కంత ఒకటి కనిపిస్తుంది. అది అతడు బందీగా గడిపిన చెరసాలకు గుర్తు. విల్కీ 1839లో పూర్తిచేసిన ఆ చిత్రం ఎడిన్‌బరో కోటకు చేరింది. బెయిర్డ్ 1829లోనే కన్నుమూశాడు; దానిని అతడు చూడలేదు.