బ్లూమ్: ఒక డచ్చి మాటలో పువ్వు, పిండి

నెదర్లాండ్స్ దేశంలోనూ, బెల్జియం ఉత్తరభాగంలోనూ వ్యవహారంలో ఉన్న డచ్చి భాషలో ‘బ్లూమ్’ అనే మాటకు నిఘంటువు ఇచ్చే మొదటి అర్థం పువ్వు. అదే మాట కిరాణా దుకాణంలో సంచి మీద కనిపిస్తే దాని అర్థం జల్లించిన మెత్తని గోధుమ పిండి. పూలు అమ్మేవాడూ, రొట్టె కాల్చేవాడూ రోజంతా ఒకే మాట పలుకుతుంటారు. అయినా వారిలో ఎవరికీ తికమక లేదు. తికమక పడేది ఆ దేశపు వ్యవసాయ సాహిత్యాన్ని బయటినుంచి చదివేవారు. ఉద్యాన పంటలలోనూ, విత్తనోత్పత్తిలోనూ ఆ దేశానికి ఉన్న స్థానం వల్ల డచ్చి పట్టికలు, సంచుల మీది వివరాలు మన పరిశోధకుల చేతికి అప్పుడప్పుడు వస్తూనే ఉంటాయి. యంత్రానువాదాన్ని నమ్ముకున్న పాఠకునికి ‘నూరు గ్రాముల పువ్వు’ అన్న వాక్యం ఎదురైతే నవ్వుకొని సరిదిద్దుకోగలడు. అసలు ప్రమాదం అక్కడ లేదు. ‘పిండి’ అని సరిగానే అనువదించుకొని, ఏ పిండి అని అడగకపోవడంలో ఉన్నది.

డచ్చిలో పిండికి రెండు మాటలున్నాయి. ‘మేల్’ అంటే ధాన్యాన్ని విసరగా వచ్చిన పిండి. ‘బ్లూమ్’ అంటే ఆ పిండిని జల్లించి, పొట్టును, మొలకభాగాన్ని తీసివేయగా మిగిలిన తెల్లని భాగం. గింజలోని ఏ భాగాన్నీ వదలకుండా విసరినదానికి ‘ఫోల్‌కోరెన్‌మేల్’ అని పేరు. పూర్తి గింజ అనే ఆ విశేషణాన్ని ఇష్టానుసారం వాడడానికి నెదర్లాండ్స్ చట్టం ఒప్పుకోదు. బెల్జియం వాడుకలో ఈ హద్దు కొంత సడలింది. అక్కడ బ్లూమ్ అన్నది పిండి అంతటికీ సామాన్యనామంగా వినిపిస్తుంది. కనుక సంచి ఏ దేశంలో అచ్చయినదో చూడడం కూడా చదువులో భాగమే.

జల్లించిన పిండికి పువ్వు పేరు ఎందుకు వచ్చింది? ఒక వస్తువులో శ్రేష్ఠమైన భాగాన్ని పువ్వు అనడం ఐరోపా భాషలలో పాత అలవాటు. ఫ్రెంచివారు మేలురకం పిండిని ‘పిండిలోని పువ్వు’ అన్నారు. డచ్చివారు ఆ దారినే నడిచారు. ఆంగ్లంలో పువ్వుకూ పిండికీ నేడు ఉచ్చారణ ఒకటే, వర్ణక్రమం వేరు. ఆ వర్ణక్రమ భేదం కూడా ఇటీవలిదే. 1755లో వెలువడిన శామ్యూల్ జాన్సన్ నిఘంటువు ఆ రెండింటినీ వేరు మాటలుగా చూపలేదు. ఆంగ్లం కాలక్రమేణా రెండు మాటలు చేసుకున్నది. డచ్చి ఒకే మాటతో సరిపెట్టుకున్నది.

ఆ పేరులో ఒక తీర్పు ఉన్నది. జల్లెడ దాటినది పువ్వు, జల్లెడలో మిగిలినది పశువుల దాణా. తెల్లని రొట్టె సంపన్నుల భోజనంగా ఉన్న కాలంలో పుట్టిన తీర్పు అది. పోషక విజ్ఞానం దానిని సమర్థించదు. గోధుమ గింజలో పిండిపదార్థపు భాగం సుమారు 80 నుంచి 83 శాతం, పొట్టు 14 శాతానికి కాస్త అటూ ఇటూ, మొలకభాగం 2 నుంచి 3 శాతం. తెల్లపిండి తయారీలో సాధారణంగా గింజ బరువులో 70 నుంచి 75 శాతం మాత్రమే పిండిగా చేతికి వస్తుంది. పీచు, ఇనుము, జింకు, బి విటమిన్లలో అధికభాగం పొట్టుతోనూ మొలకతోనూ వెళ్లిపోతాయి. పూర్తి గింజ పిండిని కాల్చితే మిగిలే బూడిద దాదాపు ఒకటిన్నర శాతం. తెల్లపిండిలో అది అర శాతం దగ్గర నిలుస్తుంది. అంటే ఖనిజాలలో సుమారు నాలుగింట మూడు వంతులు జల్లెడ పైనే ఆగిపోయినట్లు.

ఈ కారణంగా, ‘తార్వెబ్లూమ్’ అన్న శీర్షిక కింద ఉన్న అంకెలను మన గోధుమ పిండి అంకెల పక్కన పెట్టి పోల్చడం సరికాదు. తార్వె అంటే గోధుమ. తార్వెబ్లూమ్‌కు మన వ్యవహారంలో దగ్గరి మాట మైదా. చపాతీకి వాడే మన పిండి చాలావరకు మేల్ వైపునకే చెందుతుంది. ఒక గోధుమ రకంలో ఇనుము ఎంత ఉన్నదో తేల్చవలసిన చోట ఈ భేదాన్ని విస్మరిస్తే, రకానికి లేని లోపాన్ని రకానికి అంటగట్టినట్లవుతుంది. పట్టికలో బూడిద శాతం ఇచ్చి ఉంటే ముందుగా చూడవలసినది దానినే. పేరుకన్నా అది నమ్మదగిన సాక్షి.

వ్యాకరణం కూడా కొంత తోడ్పడుతుంది. పూలు లెక్కకు అందుతాయి గనుక ‘బ్లూమెన్’ అని బహువచనం వస్తుంది. పిండికి బహువచనం అరుదు, తూకమే దాని లెక్క. ఇక తోటలలో విరగబూసిన ఆపిల్, పియర్, చెర్రీ చెట్ల పూతకు డచ్చిలో వేరే మాట ఉన్నది, ‘బ్లూసెమ్’ అని. పువ్వు అనడానికీ పూత అనడానికీ తెలుగు రైతు పాటించే భేదం వంటిదే ఇది. మామిడి పూత రాలిందంటాడు గాని, మామిడి పువ్వులు రాలాయనడం అరుదు. ఆ ‘పూత’ సైతం మనవద్ద రెండు పనులు చేస్తున్నదని గుర్తుంచుకోవాలి. విత్తనానికి పట్టించే మందు పూతలో పువ్వు లేదు, ఆత్రేయపురం పూతరేకులలోనూ లేదు.

సమాసాలలోకి వెళ్లినప్పుడు మాట మరింత విస్తరిస్తుంది. ‘బ్లూమ్‌బోల్’ అంటే తులిప్, హయసింత్ వంటి పూలమొక్కల దుంప. 1637 ఫిబ్రవరిలో కుప్పకూలిన తులిప్ బేరాలు చాలావరకు నేలలోనే ఉన్న ఆ దుంపల మీద సాగినవే. ‘బ్లూమ్‌కోల్’ అంటే కాలీఫ్లవర్, ‘కోల్’ క్యాబేజీ. మనం తినే ఆ తెల్లని గడ్డ వికసించిన పువ్వు కాదు, పూమొగ్గలుగా ఇంకా రూపుదిద్దుకోని పుష్పగుచ్ఛం. ‘బ్లూమిఖ్’ అనే విశేషణం బంగాళాదుంపకు చేరినప్పుడు పూల వాసనతో నిమిత్తం లేదు. ఉడికితే పొడిపొడిగా విచ్చుకొనే పిండిగడ్డ అని అర్థం. వేపుడుకూ, కూరకూ, మెదిపి వాడడానికీ వేర్వేరు రకాలు ఎంచుకొనే దేశంలో ఇది చిన్న వివరం కాదు.

‘జ్వావెల్‌బ్లూమ్’ గంధకపు పువ్వు. గంధకాన్ని ఆవిరి చేసి చల్లార్చగా దిగే మెత్తని పొడికి పాత రసాయనవేత్తలు పెట్టిన పేరు అది. 19వ శతాబ్ది మధ్యలో ఐరోపా ద్రాక్షతోటలను బూడిద తెగులు పీడించినప్పుడు రైతులకు దొరికిన మందు గంధకపు పొడియే. ఆ తెగులుకు డచ్చి పేరు ‘మేల్‌డౌ’. నేటి చెవికి అది పిండిమంచు. మొదటి భాగం తేనెను సూచించే పాత మాటనుంచి వచ్చి, తరువాతి కాలంలో పిండిగా మారినదని పదవ్యుత్పత్తి చెప్పేవారి అభిప్రాయం. ఆకుమీద తెల్లని పొడిని చూసిన రైతుకు ఆ మార్పు సహజంగానే తోచి ఉంటుంది. మనం బూడిద అన్నాము, వారు పిండి అన్నారు.

పువ్వు పేరు పిండికి వెళ్లినట్లే, పిండి పేరు పువ్వులోకి రావడం ఈ కథలో మరొక భాగం. డచ్చి వృక్షశాస్త్రంలో పుప్పొడి ‘స్టౌఫ్‌మేల్’, ఎగిరే పిండి. కేసరం ‘మేల్‌డ్రాట్’, పిండిదారం. అండకోశం ‘స్టాంపర్’, దంచే రోకలి. ఒక్క పువ్వును విప్పి చూపడానికి పిండీ రోకలీ కావలసివచ్చాయి. తెలుగులో పువ్వు, పొడి కలిసి పుప్పొడి అయినది. రెండు భాషలూ ఒకదాని నీడ సోకకుండానే ఒకే పోలికను పట్టుకున్నాయి.

తెలుగు తీరానికి ఈ మాటతో పాత పరిచయం కూడా ఉన్నది. డచ్చివారు 1605లో మచిలీపట్నానికి వచ్చినది ఇక్కడి వస్త్రాల కోసం. పూల అచ్చులున్న బట్టను వారి భాషలో ‘ఖెబ్లూమ్ట్’ అంటారు, పూలు తీర్చినది అని అర్థం. ఆ బట్టల ఎరుపు కృష్ణా తీరపు ఇసుక నేలల్లో పెరిగిన చిరువేరు చెక్కనుంచి తీసినది. ఆ పూలకు పుప్పొడి లేదు, జల్లెడ అవసరం లేదు; కావలసినది వేరు, నేల, నీరు, అద్దకపువాని చేయి.